అమ్మ చదివిన కోఠీ, మేం తిరిగిన సుల్తాన్ బజార్

చెల్లి పెళ్లి బట్టల కోసం అమ్మా నేనూ సూర్యాపేట నుంచి బయలుదేరాం. పొద్దున పోయి రాత్రికి వచ్చేయమని నాన్న అన్నాడు. నేనే పట్టుబట్టి రెండు రోజులు పెట్టించాను. అమ్మ కోఠీ ఉమెన్స్ కాలేజీలో బీఏ చదివింది, 1986లో పూర్తి చేసింది. ఆ తర్వాత ఎన్నోసార్లు హైదరాబాద్ వచ్చినా ఆ గేటు దాటి లోపలికి వెళ్లలేదు. ఈసారి చీరలతో పాటు అదీ చూడాలని నా కోరిక.

ఎంజీబీఎస్‌లో బస్సు దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. సుల్తాన్ బజార్‌కి ఒకాయన నూట యాభై అడిగాడు. మెట్రోలో అయితే ఒక్కటే స్టేషన్. బస్టాండు నుంచే మెట్రోలోకి దారి ఉంది, లిఫ్టు ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఏ ఇబ్బందీ కాలేదు. దిగి మెట్లు దాటితే బజారు మధ్యలోనే ఉంటాం. బ్యాగులతో వచ్చేవాళ్లు ఆలోచించకుండా మెట్రో ఎక్కండి.

కిందికి రాగానే అమ్మ తల పైకెత్తి చూసింది. "ఆకాశం ఏది బిడ్డా?" అంది.

ఆమె ఎరిగిన వీధి ఇది కాదు. మొదలే ఇరుకు రోడ్డు, దాని మీద ఇప్పుడు మెట్రో వంతెన. ఈ లైను తమ బజారు మీదుగా వద్దని ఇక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి కొట్లాడారు. చివరికి కొన్ని షాపుల ముందు భాగాలు పోయాయి, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు మొదలైంది. ఆ రైలెక్కి సుఖంగా వచ్చినదాన్ని నేను. అయినా పాత మేడల మొదటి అంతస్తు కిటికీలకు ఎదురుగా కాంక్రీటు కనబడుతుంటే మనసుకి కష్టంగానే అనిపించింది.

బస గురించి త్వరగా చెప్పేస్తాను. కాచిగూడ స్టేషన్ దగ్గర ఒక లాడ్జి ఫోన్లో బుక్ చేశాను, రోజుకి 1,600. ఫోటోలో చూపిన గది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. వేడినీళ్లు పొద్దున ఎనిమిది వరకే. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. గది ఖాళీ చేశాక కూడా కౌంటర్ దగ్గరి అబ్బాయి మా సంచులు సాయంత్రం దాకా పైసా తీసుకోకుండా చూసుకున్నాడు, ఆ మేలు మరువలేను. ఇద్దరు ఆడవాళ్లు వస్తే గది చూశాకే డబ్బు కట్టండి. అక్కడ దిగినవాళ్లు 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలను పొద్దున్నే, రద్దీ మొదలవకముందే ఒకసారి చూడాలి.

ఇక బజారు. పెట్టుబడి చీరలు, మ్యాచింగ్ జాకెట్ ముక్కలు, లంగాలు, లేసులు, గాజులు, రోల్డ్‌గోల్డ్ నగలు, చెప్పులు అన్నీ ఒకే నడకలో దొరుకుతాయి. పెద్ద షాపుల్లో బేరం లేదు, బండ్ల మీద ఉంది. పెట్టుబడి చీరలు పది తీసుకుంటే ఒక్కోదాని మీద ఎంతో కొంత తగ్గించారు. పట్టుచీరకి మాత్రం ఇక్కడికి రావద్దు, అది వేరే చోట చూసుకోవాలి. బడీచౌడీ వైపు గర్దీ కాస్త తక్కువ, నిలబడి రంగు సరిచూసుకునే తీరిక ఉంటుంది. తమ్ముడు అడిగిన మైకు కోసం గుజరాతీ గల్లీకి వెళ్లాం. స్పీకర్లు, వైర్లు గుట్టలు గుట్టలు. ఏం కావాలో ముందే తెలిసి ఉంటే అక్కడ చవక, తెలియకపోతే ఎవరూ వివరించి చెప్పరు.

మెట్ల మీద మిషను పెట్టుకున్న ఒకాయనకి ఆరు చీరలు ఫాల్, పికో కోసం ఇచ్చాం. నాలుగింటికి అన్నాడు, ఏడింటికి ఇచ్చాడు. కానీ ఆ కుట్టు చూసి అమ్మ కోపం పోయింది, బయటి వైపు దారం కనబడనే లేదు. పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. ఇంత మంది ఆడవాళ్లు వచ్చే బజారులో బాత్రూమ్ కోసం మేం అరగంట వెతికాం. చివరికి ఒక టిఫిన్ హోటల్లో అడిగి వెళ్లాం. ఇది చిన్న విషయం కాదు. నీళ్లు తాగకుండా షాపింగ్ చేసే ఆడవాళ్లను అక్కడే నలుగురిని చూశాను.

ఆ మూడు గంటలు ఎదురుచూస్తూ తిరిగిన తిరుగుడే ఈ యాత్రలో నాకు మిగిలిన అసలు సంపద.

ఈ చోటికి సుల్తాన్ బజార్ అన్న పేరు 1933లో వచ్చింది. అంతకుముందు దీన్ని రెసిడెన్సీ బజార్లు అనేవాళ్లు. నిజాం దగ్గర ఇంగ్లీషువాళ్ల ప్రతినిధిగా ఉండే రెసిడెంటు బంగళా, అంటే కోఠీ, పక్కనే ఉంది కదా. దాని చుట్టూ పెరిగిన ఈ వీధుల మీద అధికారం ఆయనదే, నిజాంది కాదు. ఆ అండ చూసుకుని గుజరాత్ నుంచి, మార్వాడ్ నుంచి షావుకార్లు వచ్చి ఇక్కడ కొట్లు పెట్టారు. గుజరాతీ గల్లీ పేరు ఆ వలసలనే గుర్తుచేస్తుంది. 1933లో ఈ బజార్లను తిరిగి నిజాంకి అప్పగించాక పేరు మారింది. 1865 నాటి గడియారస్తంభం మాత్రం ఆ రెసిడెన్సీ కాలాన్ని దాటుకుని ఇంకా నిలబడి ఉంది.

ఇంగ్లీషువాళ్ల మీద తిరుగుబాటు రేగిన 1857లో, జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఎదురుగా ఉన్న ఇద్దరు షావుకార్ల ఇళ్లెక్కి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. దాడి నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర తుపాకీ గుండుకి చనిపోయాడు. మౌల్వీని అండమాన్ పంపారు. మా వైపు ఎవరైనా ఎక్కువ మాట్లాడితే "పెద్ద తురుంఖాన్ అనుకుంటున్నవా" అంటారు. ఆ తురుంఖాన్ ఈయనేనని చెప్పుకుంటారు. కోఠీ బస్టాండు దగ్గర ఆయన జ్ఞాపకంగా స్తంభం ఉంది. సిటీ బస్సుల కోసం రోజూ అక్కడ నిలబడేవాళ్లు ఒక్క నిమిషం దాన్ని చూడాలని నా మనవి.

అన్నిటికంటే ఎక్కువసేపు మేం ఉన్నది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన గ్రంథాలయం ఇది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దీని వెనక ఉన్నవాళ్లు. మునగాల మా పక్కనే కాబట్టి ఆ పేరు వినగానే అమ్మ ముఖం వెలిగింది. రాజభాష ఉర్దూ, కోర్టులో ఉర్దూ, బడిలో ఉర్దూ ఉన్న రోజుల్లో తెలుగు పుస్తకాలకి ఒక ఇల్లు కావాలనుకున్నారు వాళ్లు. ఆ ఇల్లు ఈ పేటలోనే వెలవడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. రెసిడెన్సీ హద్దులో నిజాం పోలీసుల చేయి సాగేది కాదు. తర్వాత గస్తీ నిషాన్ 53 అని, సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలన్న ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ తేడా విలువ ఇంకా తెలిసి ఉంటుంది. షావుకారుకి డబ్బు భద్రం కోసం పనికొచ్చిన హద్దే మన భాషకీ నీడ అయింది.

ఆ నీడలోనూ అవమానాలు తప్పలేదు. ఇక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని థియేటర్‌లో 1921 నవంబర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ బాధతో అదే రాత్రి టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొందరు కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. నిలయంలో బెంచీ మీద కూర్చుని నేనిది చెబుతుంటే, పేపరు చదువుతున్న పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి మా వైపు తిరిగి విన్నారు. "రోజూ వస్తనమ్మా, పిల్లలెవరూ వస్తలేరు" అన్నారు. చీరల కొట్ల ముందు వందల మంది, ఇక్కడ ఏడెనిమిది మంది. షాపింగ్‌కి వచ్చే ప్రతి ఒక్కరూ పది నిమిషాలు లోపలికి వచ్చి వెళ్తే ఎంత బాగుండును!

సాయంత్రం గోకుల్ చాట్. నిలబడి తినాలి, చేతులు తగులుతుంటాయి, అయినా పని చకచకా సాగుతుంది, కచోరి వేడిగా వచ్చింది. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడా లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి నలభై మందికి పైగా పోయారు. ఆ రోజు మా మేనమామ కోఠీలోనే ఉన్నాడు. రాత్రి పదకొండు దాకా ఫోన్ కలవలేదు, ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. ఆ గుర్తుతో అమ్మ సగం ప్లేటు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

రెండో రోజు పొద్దున కాలేజీకి వెళ్లాం. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. అది ఆడపిల్లలు చదువుకునే చోటు, అనుమతి లేకుండా వెళ్లకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి అమ్మ తన పాత డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్స్ చూపించింది. పేర్లు రాయించుకుని, బయటి నుంచి చూసి రమ్మని మర్యాదగా పంపారు.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా నిజాం ఖర్చుతో కట్టిన భవనం అది. ఎత్తైన స్తంభాలు, మెట్లకి రెండు వైపులా రాతి సింహాలు. ఆయన పెళ్లాడిన ఖైరున్నీసా పరదాలో ఉండేది కాబట్టి, ఆమె చూడటానికి ఈ భవనానికి చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. 1805లో ఆయన కలకత్తాలో చనిపోయాడు. 1924లో నాంపల్లిలో పుట్టిన ఉమెన్స్ కాలేజీ 1949లో ఈ భవనానికి వచ్చింది. దొరలు దర్బారు నడిపిన చోట మా అమ్మలాంటి పల్లె పిల్లలు నోట్సు రాసుకున్నారు. ఆ వాక్యం రాస్తుంటే నాకు గర్వంగా ఉంది.

అమ్మ ఒక సింహం పక్కన నిలబడి మెట్ల వైపు చూసింది. "పరీక్షల ముంగట ఇక్కడనే కూసునేది. సారా బానుది ఆ మెట్టు, నాది ఈ మెట్టు" అంది. ఆ సారా బాను ఎక్కడుందో ఆమెకి తెలియదు. నేను ఫోటో తీస్తానంటే వద్దని, కొంగుతో ఆ మెట్టు తుడిచి ఒక్క నిమిషం కూర్చుంది.

పెళ్లయ్యాక ఒక్కదాన్నే వస్తానంటోంది. నిలయంలో పాత మాసపత్రికలు ఉన్నాయేమో అడగాలట. గది కాచిగూడలో వద్దని, కోఠీకి నడిచేంత దూరంలో, కిటికీ తెరిస్తే రోడ్డు కనబడేది చూడమని నాకు అప్పుడే పని చెప్పింది.