నరసాపురంలో సంఘ స్త్రీలు నడిపే లేసు గది: నేను కొన్న బల్లగుడ్డ

నరసాపురంలో లేసు దొరికే చోట్లకు కొదవ లేదు. రుస్తుంబాదలో లేసు పార్కే ఉంది. అయినా మా క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం ఉంచే బల్లకు, కొత్త గుడ్డ కావలసి వచ్చినప్పుడు, ఒక ప్రార్థనా మందిరం ప్రహరీని ఆనుకుని సంఘ స్త్రీలు నడిపే చిన్న గదికే వెళ్ళాను. వెళ్ళినందుకు ఎంతో సంతోషిస్తున్నాను.

ముందు సరుకు సంగతి. నడుమ తెల్లని నూలు గుడ్డ, చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున లేసు, అందులో ద్రాక్షగుత్తులు, గోధుమ కంకులు. 3,200 రూపాయలు తీసుకున్నారు. కంకులు ఎంతో చక్కగా కుదిరాయి. ఒక మూల ద్రాక్షగుత్తి మాత్రం కాస్త బిగుసుకుంది. నేను చూడకముందే ఆ లోపాన్ని వాళ్ళే వేలు పెట్టి చూపించి, కావాలంటే విప్పి మళ్ళీ అల్లుతామన్నారు. అక్కర్లేదన్నాను. వెనక్కి తిప్పి చూస్తే ముడి ఎక్కడ వేశారో కనిపించదు. ఉతికాక అంచు ముడుచుకోలేదు, నిడివి తగ్గలేదు. పిండకుండా నీడలో ఆరేసి, పలచని గంజి పెడితే చాలు.

ఇక్కడి పని పంపకం తెలిస్తే ఆ ధర ఎక్కువ అనిపించదు. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. మామూలుగా ఏజెంటు దారం ఇంటికి తెచ్చిస్తాడు, అల్లినదానికి లెక్కగట్టి కూలి ఇస్తాడు. తాను అల్లిన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరిందో, అది ఎంతకు అమ్ముడుపోయిందో చాలామందికి తెలియదు. ఈ గదిలో బిల్లు వెనుక ఎవరి పనికి ఎంత ముట్టిందో రాసి ఇస్తారు. నా బిల్లు మీద మూడు పేర్లున్నాయి. మూడోది గంజి పెట్టి ఇస్త్రీ చేసినావిడది.

నేను కూర్చున్న గంటలో చూసిన ఒక సంగతి చెప్పాలి. కొత్తగా నేర్చుకుంటున్న ఒకామె చాలాకాలం రొయ్యల షెడ్డులో పనిచేసిందట. మంచునీళ్ళలో నాని వేళ్ళ చివర్లు పగిలి, దారం చర్మానికి పట్టుకుంటోంది. నేర్పే పెద్దావిడ ఆ వేళ్ళకు కొబ్బరినూనె రాసి, ఇంకాక గుడ్డతో తుడిచి, ఎక్కువ లావున్న సూది చేతికిచ్చింది. ఆమె అల్లిన పువ్వులో ఒక రేకు తప్పింది. పెద్దావిడ దారం లాగి విప్పేయలేదు. “ఎక్కడ తప్పిందో నువ్వే చూడమ్మా” అని పక్కనే కూర్చుంది. “దొరికింది పెద్దమ్మా” అనేదాకా అక్కడి నుంచి లేవలేదు. బయట ఇంకో కొనుగోలుదారు ఎదురుచూస్తున్నా తొందరపడలేదు.

“మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను” అని పౌలు రోమీయులకు రాసిన మాటను ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాను. ఆ మాటకు కాస్త పైనే కృపావరాల వరుస ఉంటుంది: పరిచర్య, బోధ, పంచిపెట్టడం, కరుణించడం. మన సంఘాల్లో వరం అనగానే మైకు ముందు నిలబడేవారివైపే చూస్తాం. నిర్గమకాండంలో దేవుని ఆత్మతో నిండాడని చెప్పిన బెసలేలు చేతిపనివాడు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను. ఈ గదిలో సూది పట్టిన పెద్దావిడ వరాన్ని కూడా ఆ వరుసలో చేర్చి చదవాలని నా మనవి. పేద స్త్రీల ఫోటోలు గోడకు తగిలించలేదు. చందా డబ్బా లేదు. నేర్చుకోవడానికి మన సంఘస్థులే కావాలన్న షరతూ లేదు.

ఈ ఊళ్ళో ఈ పనికి పాత వేర్లున్నాయి. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో ఈ గోదావరి డెల్టాలో సువార్త పని మొదలైంది. ఆ శతాబ్దంలోనే మిషనరీ స్త్రీలు ఇక్కడి పేద స్త్రీలకు బతుకుతెరువుగా లేసు అల్లిక నేర్పారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. ఆ గుర్తింపు వెనుక ఎన్ని ఇళ్ళ అరుగులు, ఎంతమంది ఆడవాళ్ళ కళ్ళు, వేళ్ళు ఉన్నాయో తలుచుకుంటే గుండె నిండిపోతుంది.

లోపాలూ రాయాలి. రంగులు తెలుపు, మీగడ రంగు మాత్రమే. చెప్పిన గడువుకు గుడ్డ అందలేదు. అయితే గడువుకు ముందే ఫోను చేసి, అతుకుపని చేసే ఆమెకు జ్వరమని, ఆ పని ఇంకొకరికి ఇవ్వడం లేదని, ఆమె కూలి ఆమెకే దక్కాలని చెప్పారు. నేను ఆగాను. పెళ్ళికో, ప్రతిష్ఠ పండుగకో కావలసినవారు మాత్రం బాగా ముందుగా చెప్పుకోవాలి. క్రిస్మస్‌కు కావాలంటే సెప్టెంబరులోనే కొలతలు ఇవ్వండి. మీ బల్ల పొడవు, వెడల్పుతో పాటు గుడ్డ ఎంత కిందికి వేలాడాలో కూడా కొలిచి తీసుకెళ్ళండి, వాళ్ళు మొదట అడిగేది అదే. ఆదివారం మూసి ఉంటుంది.