వన్ టౌన్‌లో ఒక రోజు, బీచ్ రోడ్డులో ఒక పూట

ఈసారి వైజాగ్‌లో బస రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో. పాత ఊరు వన్ టౌన్ దగ్గరవుతుందని తీసుకున్నాను. ఆ లెక్క సరిపోయింది. రూము మాత్రం వద్దు బాబోయ్: ఫొటోలో ఉన్న కిటికీ గదిలో లేదు, వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే.

మర్నాడు ఏడింటికే గాజువాక నుంచి మా బావమరిది బండి మీద వచ్చేశాడు. టౌన్ హాల్, సెయింట్ అలోషియస్ స్కూలు, సందుల్లో పాత మేడలు. 1847లో పెట్టిన స్కూలు అది, ఇంకా పిల్లలతో నడుస్తోంది. 1933లో హార్బరు తెరిచినప్పుడు ఊరంటే ఈ వైపే. తర్వాత వ్యాపారాలు జగదాంబ, ద్వారకానగర్ వైపు జరుగుతూ పోయాయి.

కురుపాం మార్కెట్ నుంచి వస్తుంటే ఒక మేడ దగ్గర ఆగిపోయాను. కింద జిరాక్సు కొట్టు, పైఅంతస్తుకి తాళం. కొట్టున్నంత మేర గోడ శుభ్రంగా ఉంది. పైన మాత్రం పిట్టగోడలోంచి రావి మొక్క, మనిషెత్తు. మధ్యలో ఎప్పుడో చేసిన సిమెంటు పూత పెచ్చులుగా ఊడుతోంది. డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఇక్కడేమో దానికి తోడు ఉప్పుగాలి.

"పైకెవరైనా వస్తారా అండీ?" అని కొట్టాయన్ని అడిగాను.

"ఏటికొస్తారు బాబూ, మెట్లే లేవు కదా."

మెట్లు వేసి, సున్నంతోనే మరమ్మతు చేయించి పైన రెండు గదులు అద్దెకిస్తే లాడ్జికి కట్టినదానికి రెట్టింపైనా ఇచ్చేవాణ్ణి. వాకిట్లో కుర్చీ వేసుకుని హార్బరు గాలి పీల్చుకోవడం ఊరికే వస్తుందా! వన్ టౌన్‌లో టిఫిన్‌కి లోటు లేదు. కూర్చోవడానికీ బాత్రూముకీ మాత్రం మేం గంటసేపు తిరిగాం.

సాయంత్రం బీచ్ రోడ్డు. విశాఖ మ్యూజియం పాత డచ్చి బంగళాలోనే ఉంది, 1991 నుంచీ. వస్తువుల కంటే నాకు ఆ బంగళాయే నచ్చింది. తర్వాత కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన జలాంతర్గామి, మరుసటేడే మ్యూజియం అయింది. లోపల ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. బయటికొచ్చాక బావమరిది అన్నాడు: "సముద్రంలో తిరిగేదాన్ని ఒడ్డుకు లాగి టికెట్టు పెట్టారు బావా, ఆ మేడకి మెట్లు వెయ్యలేరా?"

వెళ్ళేవాళ్ళు వన్ టౌన్‌కి పొద్దున్నే వెళ్ళండి, తొమ్మిది దాటితే బండి ఆపే చోటుండదు. మార్గశిర గురువారం మాత్రం కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికైతేనే. ఆ రోజు బురుజుపేట సందుల్లో మేడలు చూడాలంటే తల ఎత్తడానికి కూడా సందుండదు.