అగత్తి విమానాశ్రయం: రన్‌వే పొడవు తెలుసుకుని టికెట్ కొనండి

లక్షద్వీప్ మొత్తానికి ఉన్న విమానాశ్రయం ఇదొక్కటే. కొచ్చి నుంచి సుమారు 459 కిలోమీటర్ల దూరంలో, అగత్తి దీవి దక్షిణపు కొసన ఉంది. రన్‌వే పొడవు 1,204 మీటర్లు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4,260 మీటర్లు, అందులో ఇది మూడో వంతు కూడా లేదు. ఈ తేడా గుర్తుంటే ఇక్కడ వచ్చే చిక్కుల్లో చాలావరకు ఎందుకొస్తున్నాయో మీకే తెలిసిపోతుంది.

దీవి పొడవే ఏడెనిమిది కిలోమీటర్లు. ఈ కొసన నేల మరీ సన్నబడి, రన్‌వేకి రెండు పక్కలా సముద్రమే కనిపిస్తుంది. అందుకే ఇక్కడికి పెద్ద జెట్ విమానాలు రావు, డెబ్భై ఎనభై సీట్లలోపు ఏటీఆర్ రకం ప్రొపెల్లర్ విమానాలే వస్తాయి. ఆ విమానం కూడా ప్రతిసారీ నిండు బరువుతో పైకి లేవడం కుదరదు. వాన పడితే రన్‌వే తడిసి, ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. ఎండ ముదిరితే గాలి పలచబడి రెక్కలకు ఎత్తే బలం తగ్గుతుంది. దానికి తోడు చుట్టుపక్కల మరో విమానాశ్రయం లేదు కాబట్టి, దిగడం కుదరకపోతే తిరిగి ఒడ్డుకి చేరేంత ఇంధనం మోసుకునే రావాలి. వీటన్నిటికీ సరిపోయేలా బరువు తగ్గించాల్సి వస్తే కొన్ని సీట్లు ఖాళీగా వదిలేస్తారు, లేదంటే కొంత సామాను ఆపి తర్వాతి విమానంలో పంపుతారు. ప్రయాణికులు సిబ్బందితో గొడవకి దిగేది ఎక్కువగా ఇక్కడే. కానీ ఆ లెక్క మీ ప్రాణాల కోసం వేసింది, దాన్ని తప్పుపట్టడం సరికాదు.

కాబట్టి సామాను సర్దేటప్పుడే జాగ్రత్తపడాలి. మందులు, ఛార్జర్, ఒక జత బట్టలు, పర్మిట్ కాపీలు చేతి సంచిలోనే పెట్టుకోండి. చెక్-ఇన్ సామాను సాధారణంగా 15 కిలోలు, అయినా టికెట్ మీద ఎంత రాశారో చూసుకోండి. ఏటీఆర్‌లో తల మీది అర చిన్నది, గట్టి ట్రాలీ పెట్టె అందులో పట్టదు. మెత్తటి సంచి అయితే ఒదుగుతుంది. ఎక్కేది వెనక తలుపు నుంచి, ముందు భాగంలో సామాను గది ఉంటుంది. రెక్కలు కిటికీల పైన ఉంటాయి కనుక ఏ వరసలో కూర్చున్నా కింది నీళ్లు కనిపిస్తాయి. లగూన్, అంటే పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్లు, దీవికి పడమటి వైపు ఉంది. ముదురు నీలం నీళ్లు పగడపు దిబ్బ గీత దాటగానే లేత ఆకుపచ్చలోకి మారతాయి. ఆ కొన్ని నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కళ్లారా చూడండి.

ఇక పర్మిట్. 1967 నాటి నిబంధనల ప్రకారం దీవులవాళ్లు కాని భారతీయులకూ ప్రవేశ అనుమతి తప్పనిసరి. టికెట్ ఉన్నా పర్మిట్ లేకపోతే కొచ్చిలోనే ఆపేస్తారు. అందులో ఏ దీవుల పేర్లు ఉన్నాయో చదివి చూసుకోండి, రాయని దీవికి వెళ్లనివ్వరు. అగత్తికి దగ్గర్లోని ‘బంగారం’ అనే దీవి చూడాలనుకుంటే ఆ పేరు ముందే రాయించుకోవాలి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడటం మామూలే, దరఖాస్తు పంపేముందే సరిచూసుకోండి. రెండు ప్రింట్లు తీసుకెళ్లండి, దిగాక కూడా అడుగుతారు.

అక్టోబరు నుంచి మే నెల సగం వరకు ప్రయాణానికి మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. మబ్బు కిందికి దిగి రన్‌వే కనిపించకపోతే విమానం తిరిగి వెళ్లిపోతుంది. ఆ రోజు ఆగినవాళ్లందరికీ మర్నాటి విమానంలో చోటు దొరకదు, అందులో ముందే జనం ఉంటారు. దీవుల నుంచి ఆసుపత్రి పని మీద కేరళ వెళ్లేవాళ్లకీ ఇదే దారి, వాళ్ల అవసరం మన సెలవుల కంటే పెద్దది. ఓడ ఎక్కొచ్చు గానీ దానికీ టికెట్ దొరకాలి, పైగా రాత్రంతా ప్రయాణం.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు చేసే పెద్ద పొరపాటు, తిరుగు రోజునే కొచ్చి నుంచి ఇంటికి వేరే టికెట్ కొనడం. అగత్తి విమానం ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే. రెండూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండేలా బుక్ చేసుకోండి, కుదరకపోతే కొచ్చిలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. సోమవారం ఆఫీసు ఉంటే శనివారమే దీవి వదలండి.

టెర్మినల్ చిన్నది, తిండి దుకాణాల వరసలేమీ ఉండవు. చంటిపిల్లలున్నవాళ్లు పాలపొడి, బిస్కెట్లు వెంట తెచ్చుకోవాలి. నగదు కొంచెం దగ్గరుంచుకోండి. బస చేసేచోటి నుంచి వాహనం పంపమని ముందురోజే చెప్పండి, బయట క్యాబ్‌లు వరసకట్టి ఉండవు. మద్యం తీసుకెళ్లొద్దు, అగత్తిలో నిషేధం.

తిరుగు ప్రయాణంలో సంచి కట్టేముందు పిల్లల జేబులు కూడా చూడండి. ఒడ్డున ఏరిన తెల్లటి పగడపు ముక్క ఎంత చిన్నదైనా, ఎండిపోయినదైనా తీసుకెళ్లకూడదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. దాన్ని దొరికిన ఇసుకలోనే వదిలి రండి.