కుక్క మొరిగింది, పిల్లి అరిచింది, ఆ తర్వాత?

ఫంక్షన్లు, లూపులు, డిక్షనరీలు చేతికి వచ్చినవారికి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ నేర్పుతామనే కోర్సులకు కొదవ లేదు. వాటిలో చాలావరకు ‘జంతువు’ అనే క్లాసు (ఆబ్జెక్టులను తయారుచేసే నమూనా) రాసి, కుక్కను మొరిగించి, పిల్లిని అరిపించి సెలవు తీసుకుంటాయి. ఈమధ్య నేను పూర్తిచేసిన పైథాన్ వీడియో కోర్సు మొదటి సగంలో ఆ జోలికి పోలేదు.

మొదటి పాఠంలోనే ఒక గ్రంథాలయం ప్రోగ్రామును చేతికిస్తారు. పుస్తకాలు, సభ్యులు అన్నీ డిక్షనరీలే. అది చక్కగా పనిచేస్తుంది కూడా. తర్వాత ఒకే ఒక్క మార్పు అడుగుతారు: గడువు దాటిన సభ్యుడికి కొత్త పుస్తకం ఇవ్వకూడదు. ఆ షరతు ఎక్కడెక్కడ చేర్చాలో ఫంక్షన్ల వెంట వెతుక్కుంటూ పోయినప్పుడు, డేటానూ దాన్ని మార్చే కోడునూ ఒకే క్లాసులో ఎందుకు ఉంచాలో తెలిసివస్తుంది. ఎన్‌క్యాప్సులేషన్ అన్న మాట ఆ తర్వాతే వినిపిస్తుంది.

అన్నిటిలోకీ మంచి పాఠం లిస్టుల గురించి. సభ్యుడి క్లాసులో, మెథడ్లకు (క్లాసులోని ఫంక్షన్లకు) బయట, ఒక ఖాళీ లిస్టు పెడతారు. ఒకరి లిస్టులో పుస్తకం చేరిస్తే ఇంకొకరి దగ్గరా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ లిస్టు క్లాసుది. ఆ క్లాసు నుంచి తయారైన ఆబ్జెక్టులన్నీ దాన్నే పంచుకుంటున్నాయి. ఆబ్జెక్టు తయారవగానే నడిచే ఇనిట్ మెథడ్‌లో సెల్ఫ్‌కు, అంటే ఆ ఆబ్జెక్టుకే, కొత్త లిస్టు ఇస్తే తగాదా తీరుతుంది. పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాసు (ఇనిట్‌ను తానే రాసిపెట్టే సదుపాయం) ఇలాంటి లిస్టును చూడగానే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుందని కూడా అక్కడే చూపించారు. పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే పైథాన్ తాళమేమీ వేయదని, ఆ పేరుకు ముందు క్లాసు పేరు తగిలిస్తుందని చెప్పడం కూడా బాగుంది.

ఇన్హెరిటెన్స్ (ఒక క్లాసు లక్షణాలను మరో క్లాసు వారసత్వంగా తీసుకోవడం) దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కుక్కా పిల్లీ ప్రత్యక్షం! చతురస్రాన్ని దీర్ఘచతురస్రానికి సబ్‌క్లాసుగా రాస్తే, వెడల్పు మార్చగానే పొడవూ మారిపోయి పాత కోడు ఎలా దెబ్బతింటుందో ఒక్క మాట లేదు. సబ్‌క్లాసు తల్లి క్లాసు స్థానంలో ఇబ్బంది లేకుండా ఇమడాలని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లోనే చెప్పారు. జావా భాషలో స్టాక్ క్లాసు, లిస్టు లాంటి వెక్టర్ నుంచి వచ్చింది కాబట్టి, పైనుంచే పెట్టి తీయాల్సిన స్టాక్‌లో మధ్యలో కూడా దూర్చవచ్చు. మధ్య స్థాయి విద్యార్థికి చూపవలసినవి ఇలాంటివి. ఒక ఆబ్జెక్టులో మరో ఆబ్జెక్టును ఉంచుకునే కంపోజిషన్‌ను మాత్రం హడావిడిగా ముగించారు.

పైగా, వారసత్వంగా వచ్చిన మెథడ్‌ను పిలవడానికి వాడే సూపర్ అంటే ఎప్పుడూ తల్లి క్లాసే అని చెప్పడం తప్పు. ఒకటికి మించిన క్లాసుల నుంచి వారసత్వం తీసుకున్నప్పుడు, అది పైథాన్ కట్టిన వరుసలో తర్వాతి క్లాసుకు వెళుతుంది. అది తోబుట్టువు క్లాసు కూడా కావచ్చు.

అభ్యాసాలను దిద్దే యంత్రం అవుట్‌పుట్ మాత్రమే చూస్తుంది. నేను కావాలనే ఒక అభ్యాసాన్ని క్లాసు లేకుండా, ఉత్త ఫంక్షన్లతో రాసి పంపాను. పూర్తి మార్కులు వచ్చాయి. అన్నట్టు, ఇనిట్‌తో పాటు ఒకే మెథడ్ ఉన్న క్లాసుకు బదులు చాలాసార్లు ఫంక్షన్ చాలుననే మాట కోర్సులో ఎక్కడా రాలేదు.

మొదటి సగం కోసం తీసుకోండి. ఇన్హెరిటెన్స్ వేరేచోట నేర్చుకోండి. అభ్యాసాలను మాత్రం కోడు చదివి తప్పులు చెప్పగల మనిషికి చూపించండి.