మెత్తటి లూర్లతో సముద్రంలో వేట: తోక ఉన్నంతవరకు భేష్

రొయ్యో, చేప ముక్కో గుచ్చకుండా రబ్బరు చేపపిల్లను విసిరితే సముద్రంలో ఏం పడుతుందని చాలామందికి అనుమానం. పడుతుంది, బాగానే పడుతుంది. కొన్నేళ్లుగా నేను రాళ్ల మీద నుంచీ, ఏరు సముద్రంలో కలిసే చోటా ఎక్కువగా పాడిల్ టెయిల్ లూర్లే, అంటే తోక తెడ్డులా ఉండే నకిలీ ఎరలే, వాడుతున్నాను. రంగుల గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు కానీ, నన్ను కట్టిపడేసింది మాత్రం దాని తోక.

తోక కొసన చిన్న బిళ్ల, దానికి ముందు సన్నటి మెడ. రీల్ నెమ్మదిగా తిప్పితే చాలు, ఆ బిళ్ల నీళ్లను అటూ ఇటూ కొడుతుంది. ఆ అదురు లైన్ వెంట వచ్చి చేతికి తెలుస్తుంది. చేపకు ఒంటి పక్కన ఉండే గీత అలాంటి కదలికనే పసిగడుతుంది. అందుకే ఇంకా తెల్లవారకముందు, నీళ్లు కాస్త మసకగా ఉన్నప్పుడు కూడా పార, పండుగప్ప వచ్చి కొడతాయి. తిప్పడం ఆపి లూర్‌ను కిందికి జారనిచ్చేటప్పుడు పడే దెబ్బలే ఎక్కువ. అప్పుడు లైన్ మరీ వదులుగా ఉంటే దెబ్బ తగిలిన సంగతే తెలియదు.

అంత మంచి తోక ఎంతకాలం ఉంటుందన్నదే నా బాధ. పఫర్ చేపలు తిరిగే చోట విసిరితే చిన్న టక్కుమనే దెబ్బ తగులుతుంది, లాగి చూస్తే మెడ దగ్గరికి తోక తెగిపోయి ఉంటుంది. వాటి పళ్లు చిలుక ముక్కులా కలిసి ఉంటాయి, కత్తిరించినట్టే కొరుకుతాయి. తోక పోతే అది ఉత్త రబ్బరు ముక్క. పైగా తెగిన ముక్క సముద్రంలోనే ఉండిపోతుంది, అది కరిగిపోయే సరుకు కాదు. డబ్బు పోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ బాధ.

అందుకే సాగే రకానికి మారాను. మామూలు మెత్తటి లూర్లు పీవీసీతో చేస్తారు, ఇవి టీపీఈ అనే వేరే పదార్థంతో. ఎంత లాగినా సాగుతాయే కానీ అంత తేలిగ్గా తెగవు. ఒక్క లూర్ మీద చేప తర్వాత చేప పడుతుంటే, ఇక దిగులు లేదనిపించింది. రెండు రకాలనూ ఒకే డబ్బాలో, ఒకే అరలో పెట్టుకున్నాను. కొన్నాళ్లకు డబ్బా తెరిస్తే లోపల రంగులన్నీ కలిసిన జిగురు ముద్ద. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం పక్కనున్న టీపీఈలోకి దిగి, రెండింటినీ కరిగించేసింది. కొత్తవి, ఒక్కసారి కూడా నీళ్లు చూడనివి కూడా పోయాయి. నేను కొన్న ప్యాకెట్ మీద దీని గురించి ఒక్క ముక్క లేదు. తయారుచేసేవాళ్లకు తెలిసిన విషయమే, రాయడానికి ఏం అడ్డం? అప్పటి నుంచి దేన్ని దాని కవర్లోనే ఉంచుతున్నాను.

సాగే రకానికి ఇంకో తలనొప్పి కూడా ఉంది. గాలానికి బరువైన తల అతికి ఉండే జిగ్ హెడ్‌కు ఎక్కించడం కష్టం, ఎక్కాక కిందికి జారుతుంది. ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే నిలుస్తుంది. నీళ్లలో తేలే గుణం ఉంది కాబట్టి అడుగున ఆపినా తోక పైకి లేచి ఉంటుంది. ఆ లాభం కోసం ఈ తిప్పలు పడొచ్చు.

నెమ్మదిగా తిప్పితే చాలని పైన అన్నాను, అది నీటి లాగుడు తక్కువగా ఉన్న రోజు మాట. లాగుడు జోరుగా ఉంటే 10 గ్రాముల జిగ్ హెడ్ అడుక్కే చేరదు. 28 గ్రాములది కడితే దిగుతుంది కానీ మరీ త్వరగా మునుగుతుంది, జారేటప్పుడు పడే దెబ్బలు తగ్గుతాయి. వంజరం, సావడాయి లాంటి పళ్ల చేపలుంటే లూర్‌కు ముందు లైన్‌కు చిన్న వైర్ ముక్క కట్టుకోవాలి, లేకపోతే లూర్ మొత్తం పోతుంది. దానివల్ల తోక ఆట కొంచెం తగ్గినా తప్పదు.

నేను నిలబడి, నడుస్తూ, మళ్లీ మళ్లీ విసిరే మనిషిని. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు. అలాంటివాళ్లకు ఇవి సరిపోతాయి. పడవలో లంగరు వేసి అడుగు చేపల కోసం గంటలు కూర్చునేవాళ్లకు అసలైన ఎరే మేలు, దాని వాసన దానంతటదే పనిచేస్తుంది. వానలకు ఏటి బురద దిగి నీళ్లు ఎర్రబడితే నేనూ లూర్లు పక్కనపెట్టి రొయ్యే గుచ్చుతాను.