వేలూరుకు వైద్యం కోసం వెళ్లేవాళ్లకు: రైలు, లాడ్జి, ఆస్పత్రి, మా అమ్మ ప్రార్థన

మా ఒంగోలు వైపు ఎవరినైనా "వేలూరు తీసుకెళ్లారంట" అంటే, కోట చూడ్డానికి వెళ్లారని ఎవరూ అనుకోరు. జబ్బు పెద్దదే అయ్యుంటుందని నిట్టూరుస్తారు. మేమూ అలాగే తమిళనాడులోని ఆ ఊరికి, అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆస్పత్రికి వెళ్లాం. అమ్మకు గర్భసంచిలో గడ్డ ఉందని, క్యాన్సర్ అనుమానం ఉందని, ఆపరేషన్ తప్పదని ఇక్కడి డాక్టరు చెప్పారు. అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నాన్న లేరు. తమ్ముడికి అప్పుడప్పుడే ఉద్యోగం వచ్చింది. డబ్బు, భాష తెలియని ఊరు, మత్తు ఇచ్చాక ఏమవుతుందోనన్న భయం అన్నీ కలిసి మా ఇంటికి మించిన బరువు అనిపించింది. ఇలాంటి పరిస్థితిలో మొదటిసారి వేలూరు వెళ్లేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కోస్తా వాళ్లకు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ బాగా పనికొస్తుంది. కాకినాడ నుంచి బెంగళూరు వెళ్లే ఈ రైలు విజయవాడ, ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు మీదుగా కాట్పాడికి వస్తుంది. వేలూరు సీఎంసీకి వెళ్లేవాళ్లు దిగాల్సింది కాట్పాడి జంక్షన్‌లోనే. ఒంగోల్లో అర్ధరాత్రి దాటాక ఎక్కితే పొద్దున దిగుతాం. టికెట్ దొరక్కపోతే తిరుపతి దాకా వచ్చి, అక్కడి నుంచి చిత్తూరు మీదుగా బస్సులో వెళ్లొచ్చు. కానీ నొప్పితో ఉన్న మనిషిని అంతసేపు బస్సులో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. రైలైతే కనీసం పడుకుంటారు. కాట్పాడిలో దిగాక ఆటో మాట్లాడుకోవడమే మేలు. సిటీ బస్సులు ఉంటాయి, చవక కూడా. పేషెంటు, సంచులు, ఫైళ్లతో మాత్రం బస్సు ఎక్కలేం.

బయల్దేరే ముందు ఒక పని మర్చిపోవద్దు. సీఎంసీకి ఊళ్లో ఉన్న పాత క్యాంపస్ కాక, రాణిపేట వైపు హైవే మీద 2022లో మొదలైన పెద్ద క్యాంపస్ కూడా ఉంది. మన డిపార్ట్‌మెంటు ఎక్కడ ఉందో అపాయింట్‌మెంట్ కాగితంలో చూసుకున్నాకే గది వెతకండి. మా పక్క గదిలోని కడప కుటుంబం ఊళ్లో అడ్వాన్సు కట్టాక, తాము వెళ్లాల్సింది అక్కడికని తెలుసుకుంది. రోజూ రానూపోనూ ఆటో ఖర్చు వాళ్లకు భారమైంది.

ఇక గదుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఆస్పత్రి ఎదురుగా గాంధీ రోడ్డు, దాని పక్కన బాబూరావు వీధి, చుట్టూ ఉన్న సందులు అన్నీ లాడ్జీలే. బెంగాల్ నుంచి, జార్ఖండ్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి రోగులు ఎంతమంది వస్తారంటే చాలా బోర్డులు బెంగాలీలో కూడా ఉంటాయి. మేము మొదట దిగిన లాడ్జి ఆస్పత్రి గేటుకు చాలా దగ్గర. దగ్గరన్న ఒక్క కారణంతో తీసుకున్నాం. కిటికీ తెరిస్తే ఎదురు గోడ తగులుతుంది, రెండో అంతస్తుకు లిఫ్టు లేదు, రాత్రంతా రోడ్డు మోత. అమ్మ మెట్లెక్కి వచ్చి మంచం మీద కూలబడేది. రెండో రోజే మారాం.

తర్వాత తీసుకున్నది పది నిమిషాల నడకలో ఒక ఇంటి మేడ మీది గది. గ్యాస్ స్టవ్, గిన్నెలు వాళ్లే ఇచ్చారు. వేలూరులో ఇలాంటి వంట గదులు చాలా ఉన్నాయి, ఎక్కువ రోజులు ఉండేవాళ్లకు వారం లెక్కన తగ్గించి ఇస్తారు కూడా. నా అభిప్రాయం అడిగితే, ఏసీ కన్నా వంట ముఖ్యం అంటాను. షుగరు ఉన్న మనిషికి మూడు పూటలా హోటల్ తిండి పెట్టలేం. ఆ వీధుల్లో ఆంధ్రా భోజనం దొరుకుతుంది, బెంగాలీ చేపల కూర దొరుకుతుంది, ఇడ్లీ అయితే అడుగడుక్కీ దొరుకుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత అమ్మ అడిగింది పలచటి చారు, మెత్తటి అన్నం. ఆ రెండూ గదిలో వండగలిగాను కాబట్టి నాకు తృప్తి. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు మాత్రం ఏసీ గురించి ఆలోచించుకోండి. వేలూరు ఎండ మామూలు ఎండ కాదు.

ఆస్పత్రిలో జనరల్, ప్రైవేటు అని రెండు రకాల ఓపీ ఉంటుంది. జనరల్‌లో ఖర్చు తక్కువ, ప్రైవేటులో ఫలానా పెద్ద డాక్టరే కావాలని ఎంచుకోవచ్చు. మేము జనరల్‌లోనే చూపించుకున్నాం. జనం వేలల్లో ఉంటారు కాబట్టి ఒక రోజులో అన్నీ అయిపోతాయని అనుకుని వెళ్లకండి. పరీక్షలకే కొన్ని రోజులు పడతాయని ముందే మనసుకు చెప్పుకోవాలి. పక్కనే చిత్తూరు కదా, తెలుగు తెలిసిన నర్సులు, సిబ్బంది చాలాచోట్ల కనిపించారు. అమ్మను చూసింది ఆడ డాక్టరు. తెలుగు కొంచెం కొంచెం మాట్లాడారు. ఒంగోల్లో సిగ్గుపడి నెలల తరబడి దాచిన బాధలన్నీ అమ్మ ఆ డాక్టరమ్మకు ఒక్కొక్కటీ చెప్పింది. ఆ ఆస్పత్రి పుట్టింది కూడా అలాంటి కారణంతోనే.

ఆ ఆస్పత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ కథ అక్కడి చాలామందికి తెలుసు. ఆమె 1870లో రాణిపేటలో పుట్టింది, ఒక మిషనరీ డాక్టరు గారి అమ్మాయి. చదువు అయ్యాక అమెరికాలోనే ఉండిపోవాలని ఆమె కోరిక. తల్లికి బాగాలేదని టిండివనం వచ్చినప్పుడు ఒక రాత్రి ముగ్గురు భర్తలు, ఒకరి తర్వాత ఒకరు, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం వచ్చారు. మగ డాక్టరు ముట్టుకోకూడదని తండ్రిని వద్దన్నారు. ఈమెకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె వెళ్లి డాక్టరు చదివి 1900లో తిరిగొచ్చింది. పని నేర్పుతాడనుకున్న తండ్రి ఆ ఏడే కన్నుమూశాడు. ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1902లో 40 పడకల ఆస్పత్రి అయింది, 1918లో ఆడవాళ్ల కోసం వైద్య విద్యాలయం.

ఆస్పత్రిలోని ప్రార్థనా మందిరంలో కూర్చుని ఈ కథ నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆ తెల్లవారుజామున ఆమెకు ఇవేవీ కనపడలేదు కదా. వెళ్లి చదువుకోవాలి అన్నంతవరకే తెలిసింది. ఆ ఒక్క మాటకు లోబడింది. మిగతాది దేవుడికి వదిలింది. మందిరంలో ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నా పక్కన బుర్ఖాలో ఒకావిడ, అవతల బొట్టు పెట్టుకున్న పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నారు.

ఊళ్లో బయల్దేరేటప్పుడు బంధువు ఒకాయన "ప్రార్థన చాలమ్మా, కత్తి ఎందుకు" అన్నాడు. అమ్మ "ప్రార్థన చేసే కదన్నయ్యా రైలెక్కుతున్నా" అంది. నాకు ఆ మాట చాలా బలం ఇచ్చింది. దేవుణ్ని నమ్మాం కదా అని పరీక్షలు మానేసి, జబ్బు ముదిరాక వచ్చినవాళ్లను వేలూరులో చూశాను. దయచేసి అలా చేయకండి. నమ్మకం ఉన్నవాళ్లు మందు బిళ్ల కూడా వేళకు వేసుకోవాలి.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డుకు ఒక పాస్టరు అమ్మగారు వచ్చి, ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరేనన్నాకే చేశారు. ఆమె వెళ్లాక అమ్మ తనంతట తాను ప్రార్థించింది. నన్ను బాగు చేయమని గట్టిగా అడుగుతుందని అనుకున్నాను. "ప్రభువా, రేపటి పని రేపు చేయించు. నా పిల్లల్ని భయపడనివ్వకు" అంది, అంతే. సంతకం పెట్టాల్సిన కాగితంలో రాసినవన్నీ చదివినప్పుడు నాకు చేతులు వణికాయి. వణుకుతూనే పెట్టాను. నమ్మకం ఉంటే భయం ఉండదని చాలామంది చెబుతారు. నా విషయంలో రెండూ కలిసే ఉన్నాయి.

ఆపరేషన్ రోజు తమ్ముడు, నేను, పక్క గది కడప కుటుంబంలోని అక్క ముగ్గురం బయట కూర్చున్నాం. అక్క వాళ్లాయనకు కూడా ఆపరేషన్ జరగాల్సి ఉంది. అయినా మాకు పెరుగన్నం కలుపుకొచ్చి బలవంతంగా తినిపించింది. తోడు వెళ్లేవాళ్లు ఇద్దరుంటే మంచిది. ఒకరు కాగితాల వెంట తిరిగితే ఇంకొకరు మనిషి దగ్గర ఉండొచ్చు.

ఊరు చూసే ఓపిక ఉంటే కోట దగ్గరే, సాయంత్రం నడవడానికి హాయిగా ఉంటుంది. చుట్టూ నీళ్లున్న కందకం, విజయనగర కాలం నాటి రాతి గోడలు, లోపల జలకంఠేశ్వరాలయం, చర్చి, మసీదు. శతాబ్దాల పాటు మూలవిరాట్టు లేకుండా ఉన్న ఆ గుడిలో 1981లో మళ్లీ లింగాన్ని ప్రతిష్ఠించారు. శ్రీపురం బంగారు గుడికి కడప అక్క వెళ్లొచ్చింది. నక్షత్రం ఆకారంలో ఉన్న దారిలో చాలా నడవాలట. కొత్తగా కుట్లు పడ్డవాళ్లను తీసుకెళ్లొద్దు.

బయాప్సీలో క్యాన్సరే అని వచ్చింది, మొదటి దశలో. గడ్డ మొత్తం తీశారు. రేడియేషన్ అక్కర్లేదని, వేళకు చెకప్‌కు రావాలని డాక్టరమ్మ చెప్పారు. అమ్మ అది విని "సరే, వస్తాం" అంది. ఈసారి కింది బెర్తులకు ముందే బుక్ చేశాను, అదే వంట గది చెప్పి పెట్టాను. చెకప్ రోజు దగ్గరపడే కొద్దీ నాకు మళ్లీ నిద్ర పట్టడం లేదు. అమ్మ, నేను రాత్రి పూట కలిసి ప్రార్థన చేసుకుంటున్నాం. కడప అక్క వాళ్లాయన పేరు కూడా అందులో ఉంటోంది, వాళ్ల ఆపరేషన్ వచ్చే వారమే.