అనంతగిరి ఘాట్‌లో ఫ్రంట్ బ్రేక్ మెత్తబడితే

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ దిగుతుంటే రెండో మలుపులో ఫ్రంట్ బ్రేక్ లీవర్ వచ్చి గ్రిప్‌ను తాకింది. బండి ఆగింది గానీ, ఆగాల్సిన చోట ఆగలేదు. వెంటనే రెండో గేరులో పెట్టి, వెనక బ్రేకు మీద మెల్లగా దిగాం. వెనక కూర్చున్న మా బావమరిది వికారాబాద్ దాకా నా భుజం వదల్లేదు.

మాది పాత 150 సీసీ డర్ట్ బైక్, ఏబీఎస్ లేదు. బయల్దేరే మూడు రోజుల ముందే సిటీలో ఒక షాపులో బ్రేక్ ఆయిల్ మార్పించాను. 'ఎయిర్ మొత్తం తీసేశాం' అన్నారు. నేనూ లీవర్‌ను టకటకా నాలుగుసార్లు నొక్కి, గట్టిగానే ఉందనుకుని డబ్బులిచ్చి వచ్చేశాను. చూడాల్సింది అలా కాదు. ఒకసారి నొక్కి వదిలి, కాసేపాగి మళ్లీ నొక్కాలి. వరుసగా కొడితే గట్టిపడి, ఆగితే మెత్తబడుతోందంటే చాలావరకు లైనులో గాలి ఉన్నట్టే. ఆయిల్ ఒత్తిడికి కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. మన వేళ్ల బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది, డిస్క్‌ను పట్టి ఆపే ప్యాడ్ల దాకా చేరదు.

దారి మాత్రం ఎన్నిసార్లు వెళ్లినా తనివి తీరదు. హైదరాబాద్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. అప్పా జంక్షన్ దాటాక చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద పొద్దున్నే వెళ్తుంటే హెల్మెట్ అద్దం తీయకుండా ఉండలేం. పద్మనాభస్వామి దర్శనం చేసుకున్నాం. లంగర్‌హౌస్‌లో మా ఇంటి దగ్గర ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని చెబితే మా వాడు నమ్మలేదు.

రాత్రి ఉన్నది కోట్‌పల్లి చెరువు వైపు ఒక టెంట్ క్యాంపులో. చెరువు గాలి బాగుంది, జొన్నరొట్టె, నాటుకోడి కూర ఇంకా బాగున్నాయి. కానీ బండి పెట్టుకోను గట్టి నేల లేదు, సైడ్ స్టాండ్ మట్టిలోకి దిగిపోయింది. బాత్రూముల్లో నీళ్లు తెల్లారి ఏడింటికి గానీ రాలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు కొండ మీద గది తీసుకుంటేనే మేలు.

ఈ ట్రిప్‌లో నేను పది మందికీ చెప్పాలనుకునేది మాత్రం వికారాబాద్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు పెట్టుకున్న మెకానిక్ గురించే. బండి చూడగానే లీవర్ ఒకసారి మెల్లగా నొక్కాడు. 'కింద ఎంత తీస్తే ఏం లాభమన్నా, గాలి మీదనే, లీవర్ కాడ ఉన్నది' అన్నాడు. హ్యాండిల్ ఎడమకి తిప్పి మాస్టర్ సిలిండర్‌ను, అంటే లీవర్ పక్కన బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బాను, పైకి వచ్చేలా పెట్టాడు. పెట్రోల్ ట్యాంకు చుట్టూ తడిగుడ్డ కట్టాడు, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది. నన్ను లీవర్ నొక్కి పట్టుకోమని, బ్రేక్ ఆయిల్ గొట్టం (హోస్) పైకొసన ఉన్న బోల్టును పావు తిప్పు వదులు చేశాడు. చిటచిటమంటూ నురగ వచ్చింది. నేను లీవర్ వదలకముందే బిగించేశాడు. ఈ క్రమం తప్పితే గాలి మళ్లీ లోపలికే పోతుంది. అలా మూడుసార్లు చేశాక కింద చక్రం దగ్గర ప్యాడ్లుండే క్యాలిపర్‌కి గాలి తీసే నిప్పుల్ ఉంటుంది, దానికి తెల్ల ట్యూబ్ పెట్టి, ఆయిల్ పోస్తూ బుడగలు ఆగేదాకా తీశాడు. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీసా నా ఎదురుగానే సీల్ విప్పాడు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలుంటే, తేమ పట్టాక 155 దాకా పడిపోవచ్చు. ఘాట్‌లో డిస్క్ వేడెక్కితే ఆ ఆయిలే మరిగి ఆవిరి బుడగలవుతుంది. సగం వాడి అటక మీద పెట్టిన సీసా అందుకే పనికిరాదు.

అరగంట పని, ఆయిల్‌తో కలిపి మూడు వందల యాభై. 'రాత్రి లీవర్ నొక్కి కట్టేసి ఉంచన్నా, ఏమన్న మిగిలితే పొద్దుగాల మీదికొస్తది' అని పాత ట్యూబు ముక్క కూడా ఇచ్చాడు.

ఇంటికొచ్చాక కట్టేశాను. తెల్లారి మాస్టర్ సిలిండర్ మూత తీసి లీవర్ మెల్లగా వదిలితే ఆయిల్‌లోకి ఆవగింజంత బుడగలు రెండు తేలాయి. ఆ ఆదివారమే పుత్లీబౌలి వెళ్లి, విప్పిన ఆ బోల్టుకి కొత్త వాషర్లు తెచ్చి వేయించాను. ఇప్పుడు లీవర్ సగం దూరం కూడా రాకుండానే రాయిలా ఆగుతోంది.